మిరప మూట పక్కన నా బరువు

మా అత్తగారింట్లో తాళం వేసిన పెట్టె ఒక్కటి కూడా ఉండదు. ఇల్లు కోవిల్‌పట్టిలో, రైలు గేటుకు అవతల. బీరువా తాళంచెవి వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను నా ట్రంకుపెట్టెకు చిన్న తాళం వేసి, తాళంచెవిని మెడలో గొలుసుకు తగిలించుకున్నాను. మా అత్త చూసింది. కోప్పడినా బాగుండేది, నవ్వింది.

"ఏమ్మా, ఇంటిలోపలే బీగమా? ఈడ దొంగలెవురుండారు, నేనా, నీ మొగుడా?"

సాయంత్రానికల్లా నా తాళంచెవి కూడా మేకెక్కింది.

అదే మేకుకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంటుంది. దాని అట్ట మీద ఖాళీలో మా ఇంటి పాస్‌వర్డులన్నీ రాసి ఉంటాయి. గ్యాసు, కరెంటు, పొలం పట్టా, పంట బీమా, బ్యాంకు. మా ఆయనవి, మా పిల్లాడివి, మా బావగారివి, వాళ్ల పిల్లలవి. ఏడాది మారగానే వాటిని పాత అట్ట నుంచి కొత్త అట్ట మీదికి ఎక్కించడం నా పని. పెద్ద శ్రమేమీ లేదు, ఎందుకంటే అన్నీ ఒకటే. మా ఇంటిపేరు, దాని వెనక అట్ గుర్తు, ఆపైన ఒకటి రెండు మూడు.

ఆ ఇంటిపేరు సంగతి చెప్పాలి. మేం తెలుగువాళ్లం. ఎన్ని తరాల కిందట ఈ తమిళనాడుకు వచ్చామో మా పెద్దవాళ్లకే తెలియదు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. బడి సర్టిఫికెట్లలో, రేషన్ కార్డులో ఇంటిపేరు ఉండదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడో, కులదేవతకు పొంగలి పెట్టేటప్పుడో బయటికి తీస్తారు, అటక మీది ఇత్తడి సామాను తీసినట్టు. అందుకని అదే అన్నిటికంటే గట్టి రహస్యమని మా ఇంటి నమ్మకం. "బయటోళ్లకు ఎట్ట తెలుస్తాది?" అన్నాడు మా ఆయన. ఇల్లంతా తలూపింది. నేనూ ఊపాను.

మాకు మొదటినుంచీ ఉన్న భ్రమే ఇది. మన తెలుగు ఎవరికీ అర్థం కాదని. ఒకసారి బట్టల కొట్లో కొట్టాయన ముందే మా అత్త నాతో తెలుగులో, "ఇది పాత సరుకే, బాగలేదని చెప్పి లేచొచ్చేద్దాం" అంది. ఆయన చీర మడతపెడుతూ మెల్లగా, "పాతది కాదమ్మా, మొన్ననే వచ్చె" అన్నాడు, మా తెలుగులోనే. కోవిల్‌పట్టిలో రాయి విసిరితే ఒక తెలుగాయనకు తగులుతుంది. ఆ రోజు సిగ్గుపడి బయటపడ్డాం గానీ బుద్ధి మాత్రం తెచ్చుకోలేదు. పైగా దొంగ ఎప్పుడూ బయటినుంచే వస్తాడనుకున్నాం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత ఊరికే పుట్టలేదు.

ఆ ఇంట్లో బీకాం చదివినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి అందరి ఫోన్లూ, అందరి అప్లికేషన్లూ, అందరి ఓటీపీలూ నా నెత్తిన పడ్డాయి. మా అమ్మగారి ఊరు విరుదునగర్, బస్సెక్కితే గంట ప్రయాణం. అక్కడికి పోయి రెండు రాత్రులు నిద్ర చేశానో లేదో ఫోను మోగేది. "కరెంటు బిల్లు కట్టేదానికి రాలే, నువ్వు వచ్చేయ్." నేను లేకపోతే ఇంట్లో దీపం వెలగదని మా ఆయన నలుగురిలో గొప్పగా చెప్పేవాడు. దీపం అంటే కరెంటు బిల్లు.

ముప్పై ఎనిమిదో ఏట ఒక పరీక్ష రాశాను. గుమస్తా ఉద్యోగానికి. పాసయ్యాను. విరుదునగర్‌లో ఒక ఆఫీసులో చోటు వచ్చింది. ఇక మిగిలిందల్లా వెబ్‌సైట్లోకి వెళ్లి, ఉన్న రెండు బటన్లలో ఒకటి నొక్కడం. ఇష్టం, ఇష్టం లేదు. అయిదు రోజుల గడువు ఉంది. నేను వెంటనే నొక్కలేదు. శుక్రవారం, రాహుకాలం తప్పించి, దీపం పెట్టి నొక్కుదామని ఆగాను. మేం ఇంతే, కొత్త చెప్పులు తొడుక్కోవాలన్నా పంచాంగం చూస్తాం.

శుక్రవారం దీపం పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని వెబ్‌సైట్ తెరిచాను. నా పేరు కింద ఇలా ఉంది: మీరు ఇష్టం లేదని తెలిపారు, ధన్యవాదాలు.

మా ఆయన అన్నం తింటున్నాడు. అడిగితే తల ఎత్తకుండానే చెప్పాడు.

"నేనే నొక్కితి. విరుదునగరమంటే మీ అమ్మగారూరు. దినమూ ఆడికి పోతుంటే ఊరేమంటాది? మొగుణ్ణి ఇడిసిపెట్టి పోయినాదంటారు. ఈ ఇల్లు ఎవురు చూస్తారు?"

"నన్నొక మాట అడగగూడదా?"

"అడిగితే ఏడుస్తావని." మజ్జిగ పోసుకున్నాడు. "పాస్‌వర్డు అట్ట మీదనే ఉండె కదా. నేనేమన్నా బీగం పగలగొట్టినానా?"

నా పాస్‌వర్డు కూడా అదే ఇంటిపేరు, అదే ఒకటి రెండు మూడు. నా చేత్తో నేనే రాసి మేకుకు తగిలించాను. మా అత్త గిన్నెలు సర్దుతూ వింటోంది. చుట్టుపక్కల ఎవరికి చెప్పినా, "మొగుడే కదా" అన్నారు. నాకు ఆ ఇంట్లో గాలాడలేదు. తలుపులన్నీ తెరిచే ఉన్న ఇల్లు, అయినా ఊపిరి ఆడేది కాదు. కోపంతో దోసెలు పోసేదాన్ని, అవి చక్కగా గుండ్రంగా వచ్చేవి. అందుకు ఇంకా కోపం వచ్చేది.

కొన్నాళ్లకు విరుదునగర్ పోయాను. మా నాయన అక్కడ మిరపకాయల మండీ నడిపేవాడు. ఆయన పోయాక తమ్ముడు నడుపుతున్నాడు. గుంటూరు నుంచి వచ్చే గోనె మూటల మీద నీలం రంగులో తెలుగు అక్షరాలు ఉంటాయి. చిన్నప్పుడు నేను వాటిని వేలితో దిద్దేదాన్ని. ఏం రాసుందని అడిగితే నాయన, "మన తెలుగే. ఏం రాసుండాదో నాకేం తెలుసు, తల్లీ" అనేవాడు. ఆయన గుంటూరు వ్యాపారులతో ఫోనులో అరిచి మాట్లాడేవాడు. వాళ్లు ఈయన తెలుగు విని నవ్వేవాళ్లు. అంత తెలుగు మాట్లాడి, మూట మీది ఒక్క మాట చదవలేకపోయేవాడు. మా ఇళ్లన్నిట్లో ఇంతే. మాట ఉంది, అక్షరం లేదు.

ఒక ఖాళీ గోనె అడిగి తెచ్చుకున్నాను. వంటింట్లో కాళ్లు తుడుచుకునే పట్టా కావాలని చెప్పాను. కుక్కరు కూతలు లెక్కపెడుతూ, ఫోనులో చిన్నపిల్లల పాఠాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకుంటున్నానో అప్పుడు నాకే తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ రాని ఒక గది కావాలనిపించింది, అంతే. నేనిప్పుడు రాస్తున్న ఈ తెలుగంతా ఆ తరువాత పుస్తకాల్లో దొరికిందే. మూడు నెలలకు గోనె మీద మొదటి మాట కూడబలుక్కుని చదివాను. బరువు.

చదవగానే గుర్తొచ్చింది. బడి తెరిచే రోజు, ప్రతి ఏడూ, నాయన నన్ను మండీలో కాటా మీద కూర్చోబెట్టేవాడు. పక్కనే మిరప మూట. ఘాటుకు తుమ్ములు వచ్చేవి, కదిలితే ముల్లు ఆగేది కాదు, కదలొద్దని ఆయన కేకలేసేవాడు. రెండో తరగతిలో ఇరవై రెండు కిలోలు. "మూటలో సగం ఉండావు" అని ఆయన మండీ అంతా వినపడేలా చెప్పాడు. నేను గర్వంతో పొంగిపోయాను.

ఆ ఏడు మళ్లీ పరీక్ష పడింది. వయసు గడువును బట్టి నాకదే ఆఖరుది. ఈసారి తప్పితే ఇక మేకుకు వేలాడే తాళంచెవుల్లో నేనూ ఒకదాన్ని. ఆదివారాలు కోచింగుకు పోయాను. అక్కడ కంప్యూటర్ చెప్పే మేడం ఒకరోజు పాస్‌వర్డుల గురించి చెప్పింది. పేరు వద్దు, ఊరు వద్దు, పుట్టిన సంవత్సరం వద్దు. ఇంట్లో అందరికీ ఒకటే అసలు వద్దు. పొడవుగా ఉండాలి, ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు మాటలు కలపాలి, అంకె ఉండాలి. మరిచిపోకుండా ఉండాలంటే మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి తీసుకోండి అంది. పక్క బెంచీలో అమ్మాయిలు పెన్ను కొరుకుతూ ఆలోచిస్తున్నారు. నాకు ఆలోచించే పని పడలేదు. ఇరవై ఏళ్లుగా నేనున్న ఇంట్లో, నా గురించి నాకు తప్ప ఇంకొకరికి తెలిసింది ఏముంది గనుక? ఒక్కరూ ఒక్క మాట అడిగినవాళ్లు కారు. కన్నీళ్లొచ్చాయి. మేడం నాకు పాఠం కష్టంగా ఉందనుకుని మళ్లీ మొదటినుంచి చెప్పింది.

నా పాస్‌వర్డు: మిరప మూట పక్కన నా బరువు ఇరవై రెండు. ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, చివర అంకెలు. ఆ తరువాత మూడుసార్లు మార్చాను కాబట్టి ఇప్పుడు చెప్పినా నష్టం లేదు.

"కొత్తది పెట్టినావా? అట్ట మీద ఎక్కించు" అన్నాడు మా ఆయన. ఇంటి పద్ధతి తప్పడానికి వీల్లేదు. నేను తప్పలేదు. అట్ట కింది మూలలో తెలుగు అక్షరాల్లో రాశాను. నా రాత అప్పటికింకా కుదురు లేనిది, కోడి గీరినట్టు ఉంటుంది. ఇంటిల్లిపాదీ మాట్లాడే భాషలో, ఇంటిల్లిపాదీ రోజూ చూసే చోట రాశాను. ఒక్కరి కన్నూ దాని మీద ఆగలేదు.

ఫలితాలు వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. పంట బీమా కాగితాలు పట్టుకుని విళాత్తికుళంలో వరసలో నిలబడి ఉన్నాను. లిస్టు మా ఆయన చూశాడు. మళ్లీ విరుదునగరే. ఈసారి గడువు మరుసటి రోజు సాయంత్రం అయిదు వరకే. నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆయన ఫోను పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. ముఖం చిటపటలాడుతోంది. మూడుసార్లు తప్పు పాస్‌వర్డు కొట్టడంతో వెబ్‌సైట్ మూసుకుపోయింది. మరునాడు పదకొండు గంటలకు గానీ తెరుచుకోదు.

"ఏమేం వేస్తిరి?" అని అడిగాను.

"ఇంటిపేరు వేస్తి. మన పిల్లోడి పేరు వేస్తి." కాస్త ఆగాడు. "నా పేరు వేస్తి."

ఆయన మీద కోపం రావాల్సింది. జాలి వేసింది, నా మీద నాకు. నా మనసులోకి పోయే దారి వెతకమంటే ఆ మనిషికి తట్టినవి ఆ మూడే. ఆ మూడింట్లో నేను లేను.

"ఏందది, చెప్పు."

"అట్ట మీద రాసే ఉండాను."

పోయి చూశాడు. ఫోను కెమెరా పట్టి చూశాడు, నా కోడిగీతలు దానికీ అంతుపట్టలేదు. "సదువు" అన్నాడు. "సదవను" అన్నాను. ఆ మాట అనడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

తెల్లవారి ఆయన పొలానికి పోవాలి. మిరపకాయల కోత, కూలీలు వచ్చి ఉంటారు, తప్పదు. పోతూ పోతూ నా ఫోను తీసి వాళ్లమ్మ చేతికిచ్చాడు. "ఇది నీకాడ ఉండనీ. ఆ మూలలో ఏం రాసుండాదో సదివించుకో. నేను అడుగుతా." మోటారుసైకిల్ చప్పుడు వీధి మలుపు దాటింది. ఆయన తిరిగి వచ్చేది చీకటి పడ్డాకే, గడువు దాటాకే. నేను గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయాను. బోనులో ఎలుక ఎలా ఉంటుందో ఆ పొద్దు నాకు తెలిసింది.

పదకొండు దాటింది. మా అత్త క్యాలెండరు కింద నేల మీద కూర్చుని చేటలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఫోను ఒళ్లో ఉంది. తల ఎత్తి అట్ట మూల వైపు చూసింది.

"కోలం మాదిరి గీసుండావే, అదేం బాస?" నా రాత ఆమె కంటికి ముగ్గులా కనిపించింది.

"మనదే అత్తా. తెలుగు."

ఆమె చేతులు ఆగాయి. "మన తెలుగా? దానికి ఎళుత్తుండాదా?"

ఎళుత్తు అంటే అక్షరం. డెబ్బై ఏళ్లుగా ఆ భాషలో తిట్టింది, ఏడ్చింది, పిల్లల్ని నిద్రపుచ్చింది. దానికి అక్షరాలు ఉంటాయని ఆ రోజు దాకా తెలియదు.

"సదువు, ఇందాం."

అబద్ధం చెప్పొచ్చు. దేవుడి పేరు అనొచ్చు. పప్పు, చింతపండు అనొచ్చు. తప్పని చెప్పేవాళ్లు ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే లేరు. కానీ నేను చదవడం నేర్చుకున్న దగ్గర్నుంచి ఎవరూ నన్ను చదవమని ముచ్చటగా అడగలేదు. ఎలా జరిగిందో, వేలు పెట్టి ఒక్కో మాటా చదివేశాను. మిరప మూట పక్కన నా బరువు ఇరవై రెండు. చేతులారా తాళంచెవి ఇచ్చేశాను, అదీ మా ఆయన కాపలా పెట్టిన మనిషికి.

మా అత్త అడిగింది.

"ఎవురు తూచిరి?"

"మా నాయన."

"ఏంటికి?"

"ఎంత పెరిగినానో చూసేదానికి. ఏటేటా తూచుతాండె."

ఆమె ఒక మిరపకాయ తొడిమ తీసి, మళ్లీ దాన్నే చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. "నన్నెవురూ తూచలా" అంది.

అంతలో ఒళ్లో ఫోను మోగింది. మా ఆయనే. ఆమె ఫోను ఎప్పుడూ చెవికి కాస్త దూరంగా పట్టుకుంటుంది, అందువల్ల అటుపక్క మాటలు నాకూ వినిపించాయి.

"సదివినాదా? ఏం రాసుండాది?"



"మిరప మూట బరువంటరా" అంది మా అత్త.

"మన మిరపకాయలదా?"

"మిరప మూట బరువే. ఇరవై రెండంట."

"అదా! దానికా ఇంత! నువ్వు పాస్‌వర్డు అడుగమ్మా."

"అడుగుతా, అడుగుతా. ఎండలో ఉండొద్దు, నీళ్లు తాగు."

ఫోను ఆగిపోయింది. ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు. దాదాపు అంతా కొడుకు చెవిలో వేసేసింది. ఆయనకది లెక్కలోకి రాలేదు. అక్కడ మిరప మూట ఉంది గానీ, దాని పక్కన ఒక పిల్ల కూర్చుని ఉందని ఆయనకు ఎలా తోస్తుంది?

మా అత్త మోకాళ్లు పట్టుకుని లేచింది. చేట నేల మీద పెట్టింది, ఫోను అందులో మిరపకాయల మీద పెట్టింది. "మిద్దె మీద ఎండేసిన కాయలు తిరగెయ్యాల" అని మెట్లెక్కింది. కాయలు పొద్దున్నే నేను తిరగేశాను. ఆమె చూసింది కూడా.

పంచాంగం చూడలేదు, దీపం పెట్టలేదు. మిరప ఘాటు చేతులతో ఇష్టం అన్న బటన్ నొక్కాను. వెబ్‌సైట్ ఈసారి కూడా ధన్యవాదాలు అంది.

మా ఆయన నెల రోజులు మాట్లాడలేదు. తరువాత గ్యాసు బుకింగు కోసం మాట్లాడాడు. ఇప్పుడు నేను రోజూ పొద్దున రైల్లో విరుదునగర్ పోయి సాయంత్రం వస్తాను. బయటపడ్డానని చెప్పలేను. రైలు సాత్తూరు చేరకముందే ఫోను మోగుతుంది, పొలం పట్టా ఎట్ట తియ్యాలని, ఓటీపీ ఏదని. వంట ముగించి వెళ్లి, వచ్చి మళ్లీ వంట మొదలుపెడతాను. మిగతావాళ్ల పాస్‌వర్డులు ఇంకా ఇంటిపేరు, ఒకటి రెండు మూడే. మార్చుకోండని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఆ ఏడాది చివర కొత్త క్యాలెండరు వచ్చింది. అట్ట మీద అన్నీ ఎక్కిస్తుంటే మా అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"నాదీ ఒగటి రాయి. ఆ ఎళుత్తులో."

"దేనికత్తా? నీకు బ్యాంకు కూడా లేదే."

"లేకుంటే యేం? రాయి."

వసారాలో ఎవరూ లేరని వంగి చూసుకుంది. నా చెవిలో ఒక వాక్యం చెప్పింది. నా మాట కింద దాన్ని రాశాను. రెండుసార్లు చదివించుకుని వింది. మూడోసారి తనే వేలు పెట్టి, చదువుతున్నట్టుగా చెప్పింది. అట్ట ఆ మేకుకే ఉంది, అందరూ చూసే చోటే. ఆమె చెప్పిందేమిటో మాత్రం ఇక్కడ రాయను.